ఆకుపచ్చ వెల్వెట్ మీద ఎవరూ కూర్చోరాదు

జూన్ 2, ఆదివారం

రెక్సిన్ పీడ విరగడైంది!

మా పాత సోఫా రెక్సిన్ చిరిగి, లోపలి పసుపు స్పాంజి బయటికి తొంగి చూడబట్టి చాలా కాలమైంది. వేసవిలో కూర్చుని లేస్తే పిక్కలకు అంటుకుని ‘చర్ర్’ మని చప్పుడు. ఇంటికొచ్చినవాళ్ళ ముందు ఆ చప్పుడు వచ్చిన ప్రతిసారీ “అది సోఫా అండీ” అని చెప్పుకోవాల్సి వచ్చేది.

ఇక చాలు. సోఫాకు కొత్త గుడ్డ. అదీ వెల్వెట్!

అందరం కలిసి కొట్టుకు వెళ్ళాం. అందరం అంటే నేను, మా ఆయన, అత్తయ్య, కాలేజీలో చదివే మా అమ్మాయి పిడుగు. కొట్టాయన నమూనా ముక్కల పుస్తకం తెరుస్తూ అడిగాడు.

“ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా?”

“నలుగురం.”

“చిన్నపిల్లలు, కుక్కలు, పిల్లులు?”

“లేవండీ. మా ఆయన ఉన్నారు.”

కొట్టాయన అర్థమైనట్టు తలూపి పట్టు వెల్వెట్ పుస్తకం మూసేశాడు. “అయితే పాలియెస్టర్ వెల్వెట్ తీసుకోండి. పట్టుది చూసుకోవడానికి, ఇది కూర్చోవడానికి.”

మా ఆయన టైర్ల షాపులో పనిచేస్తారు. “టైరు రంగు ఉందా?” అని అడిగారు. ఆయన ఆలోచన నాకు అర్థమైంది, కానీ వినపడనట్టు ఊరుకున్నాను. పిడుగుకు ఆవపిండి రంగు కావాలి. అత్తయ్య ముక్కల్ని చేత్తో పట్టుకోలేదు. వంగి, చెంప ఆనించి చూశారు. “కుందేలు పిల్లలా ఉంది అమ్మాయ్” అన్నారు ఒక ముక్క దగ్గర. ముదురు ఆకుపచ్చ. పైనుంచి కిందికి నిమిరితే లేత మెరుపు, ఎదురు నిమిరితే చిక్కటి చీకటి.

అదే తీసుకున్నాం!

జూన్ 8, శనివారం

సోఫా మేస్త్రీ వచ్చాడు. వరండాలో సోఫాను తలకిందులు చేసి రెక్సిన్ ఊడబీకాడు. లోపల దొరికినవి: రెండు పెన్నులు, ఒక దువ్వెన, లెక్కలేనన్ని హెయిర్‌పిన్నులు, పిడుగు చిన్నప్పటి పలక ముక్క, మా ఆయన “ఎవరో కొట్టేశారు” అని ఇరుగుపొరుగును అనుమానించిన టార్చిలైటు.

గుడ్డ వెనక మేస్త్రీ సుద్దతో బాణాలు గీసుకున్నాడు. వెల్వెట్ మీది మెత్తటి నూగు ఎటు వాలితే బాణం అటు. ఒక్క ముక్క తిరగబడినా ఒకే సోఫా రెండు రంగుల్లో కనిపిస్తుందట. అది విన్నప్పటి నుంచీ నేను అక్కడి నుంచి కదల్లేదు.

“ఈ బాణం కిందికే ఉందా?”

“ఉందమ్మా.”

“చేతి పక్కది?”

“అదీ కిందికే. మీరు లోపలికెళ్ళి కాస్త కూర్చోండమ్మా.”

“దేని మీద కూర్చోమంటావయ్యా?”

సాయంత్రానికి పూర్తయింది. హాల్లో పెట్టాం. నలుగురం వరుసగా నిలబడి చూశాం. మా పాత హాలు మాకే కొత్తగా కనిపించింది. ఇంత అందమైన వస్తువు మా ఇంట్లో ఎప్పుడూ లేదు. నిజం.

జూన్ 9, ఆదివారం

ప్రతిజ్ఞ: ఈ సోఫా పదేళ్ళ తర్వాత కూడా ఇలాగే ఉండాలి.

కొట్టాయన చెప్పినవాటికి నావి కొన్ని కలిపి అందరినీ పిలిచి చదివి వినిపించాను.

సోఫా మీద తినరాదు, తాగరాదు. కాళ్ళు పెట్టరాదు. తల ఆనించరాదు (నూనె!). ఎండకు రంగు వెలుస్తుంది కాబట్టి పగలు కర్టెన్లు తీయరాదు. ఏదైనా ఒలికితే రుద్దరాదు, తెల్ల గుడ్డతో అద్దాలి. రోజూ పొద్దున మెత్తటి బ్రష్‌తో నూగు వాలుకు దువ్వాలి. ఈ చివరిది నా పని.

“కూర్చోవచ్చా అమ్మా?” అంది పిడుగు.

“అవసరమైతే.”

“అవసరం అని నానమ్మ సంతకంతో చీటీ తేవాలా?”

అత్తయ్య లేచి నిలబడి నాకు సెల్యూట్ కొట్టారు. “అలాగే ఇన్‌స్పెక్టరు గారూ!” ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో పనిచేసి రిటైరయ్యారు. పైఅధికారులను ఆటపట్టించడం అక్కడే నేర్చుకున్నారట.

నవ్వుకోనీ. పదేళ్ళ తర్వాత నాకు థాంక్స్ చెబుతారు!

జూన్ 12, బుధవారం

బ్రష్ పని దివ్యంగా సాగుతోంది. నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. రోజంతా అద్దాల మీద ఇతరుల వేలిముద్రలు తుడవడమే పని. పొద్దున్నే సోఫా దువ్వి వెళితే ఆ రోజు ఎన్ని ముద్రలైనా విసుగు రావడం లేదు.

ఒక సంగతి కనిపెట్టాను. వెల్వెట్ మీద ఎవరు కూర్చున్నారో దాగదు. మా ఆయన గుర్తు పెద్ద పళ్ళెమంత. పిడుగుది వంకర, ఒక పక్కకే కూర్చుంటుంది. అత్తయ్యది అసలు లేనే లేదు! ఆదర్శం అంటే అదీ. ఆవిడ టీ కూడా వంటింట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే తాగుతున్నారు. ఈ మాట అందరి ముందూ మెచ్చుకుంటూ చెప్పాను. అత్తయ్య “ఏదో నీ దయ” అన్నారు.

సాయంత్రం వచ్చేసరికి సీటు మీద వేలితో రాసి ఉంది: “ఇక్కడ ఎవరూ కూర్చోలేదు. ఇట్లు, దెయ్యం.”

పిడుగు చేతిరాత నాకు తెలియదా! దువ్వేశాను.

జూన్ 15, శనివారం

ఎదురింటి టీచరమ్మ వచ్చారు. సోఫా చూసి “అబ్బ!” అన్నారు. నా గుండె పొంగింది. తర్వాత కూర్చున్నారు. చేతిసంచి పక్కనే పెట్టుకున్నారు. ఆ సంచికి ఇనుప బకిల్. మొనదేలినది.

ఆవిడ వాళ్ళ చెల్లెలి ఆపరేషన్ గురించి చెబుతున్నారు. నేను బకిల్ వైపే చూస్తున్నాను. “పాపం” అనాల్సిన చోట “కొంచెం ఇటు జరపండి” అన్నానట. పిడుగు చెప్పింది.

టీచరమ్మ కాసేపటికే లేచారు. గుమ్మం దగ్గర “మీ ఇల్లు చాలా నీటుగా ఉందండీ. భయమేస్తోంది” అన్నారు. మెచ్చుకోలేనా? మెచ్చుకోలే అనుకుంటున్నాను.

కర్టెన్లు వేసిన చీకట్లో మా ఆయన టీపాయికి బొటనవేలు కొట్టుకున్నారు. ఒక కాలి మీద గెంతుతూ “ఇంట్లో దీపం పెట్టుకోవడానికి సోఫా పర్మిషన్ ఇస్తుందా?” అని అరిచారు. అంత గెంతులోనూ సోఫా మీద మాత్రం పడలేదు. మంచి మనిషి.

జూన్ 18, మంగళవారం

పొద్దున బ్రష్ చేయలేదు. కారణం: షాపుకు ఆలస్యమైంది. అసలైన కారణం: భుజం నొప్పి. సోఫా దువ్వడం వల్ల వచ్చిందో లేదో వైద్యులు తేల్చాలి.

సాయంత్రం మా ఆయన పని బట్టలతోనే సోఫా మీద గుర్రు పెడుతున్నారు! మోచేతి నిండా టైరు నలుపు. కేకేస్తే ఒక కన్ను తెరిచి, “దుప్పటి వేసుకునే పడుకున్నానే” అన్నారు. నిజమే. కింద దుప్పటి ఉంది.

ఆలోచన బాగుందనిపించింది. సోఫా అంతటికీ దుప్పటి కప్పేశాను. ఇప్పుడు దుమ్ము పడదు, ఎండ పడదు, మా ఆయన పడినా ఫరవాలేదు. మా ఇంట్లో వెల్వెట్ సోఫా ఉన్న సంగతి ఎవరికీ తెలియదు, అంతే.

ఇంకొకటి. ఈ డైరీ ఎవరూ చదవరు గనుక రాస్తున్నాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు దుప్పటి కాస్త పక్కకు తీసి, కూర్చుని, బిస్కెట్లు తిన్నాను. పరీక్ష కోసం. పొడి పడితే బ్రష్‌కు వస్తుందో రాదో తెలియాలి కదా.

వస్తుంది. కొంత.

జూన్ 21, శుక్రవారం

పొద్దున దువ్వాను. (సగం. కనిపించే సగం.)

సాయంత్రం ఇంటికొస్తే హాల్లో ఎవరూ లేరు. టీవీ ఒక్కటే తనలో తాను వాగుతోంది. మా ఆయన గడప మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. పిడుగు గదిలో తలుపు వేసుకుంది. అత్తయ్య వంటింట్లో. ఇదివరకు ఈ వేళకు నలుగురం ఆ చిరుగుల రెక్సిన్ మీద ఇరుక్కుని, రిమోట్ కోసం కొట్టుకుంటూ ఉండేవాళ్ళం.

“అందరూ ఇక్కడికి రండి, మాట్లాడుకుందాం” అని పిలిచాను. వచ్చారు. నిలబడ్డారు.

“కూర్చోండి.”

“దుప్పటి మీదా, తీసేశాకా?” అన్నారు మా ఆయన.

దుప్పటి కొస పట్టుకుని, తీయాలా వద్దా అని లెక్క వేశాను. ఈలోగా ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

జూన్ 24, సోమవారం

ఘోరం! ఘోరం!!

ఆదివారం కూడా షాపులో పని ఉండి నిన్న సోఫా వైపు చూడలేదు. ఇవాళ దుప్పటి తీస్తే కుడివైపు సీటు మీద అరచేతి కంటే పెద్ద మరక. వాసన చూశాను. టీ.

విచారణ మొదలుపెట్టాను.

“నేనే” అన్నారు మా ఆయన తల వంచుకుని.

“నేనే అమ్మా” అంది పిడుగు అదే సమయంలో.

ఒక మరక, ఇద్దరు దోషులు! ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “ఇద్దరం కలిసి ఒలికించాం” అని సర్దుకున్నారు. ఒకే కప్పును ఇద్దరు కలిసి ఎలా ఒలికిస్తారో నటించి చూపించమన్నాను. అత్తయ్య వంటింట్లోంచి బయటికి రాలేదు.

కోపంతో సబ్బు నీళ్ళు తెచ్చి రుద్దాను. గట్టిగా. ఇంకా గట్టిగా. మరక కొంచెం తగ్గింది. నూగు మొత్తం చచ్చి అతుక్కుపోయి, తడిసిన పిల్లి పిల్లలా తయారైంది.

కొట్టాయనకు ఫోన్ చేశాను.

“రుద్దారా అమ్మా?”

“కొంచెం.”

“ఎంత కొంచెం?”

ఫోన్ పెట్టేశాను.

జూన్ 27, గురువారం

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున షాపులో ఒక పెద్దాయన కొత్త కళ్ళజోడు పెట్టుకోబోతే చెయ్యి వణికి కాడ కంట్లో గుచ్చుకోబోయింది. నేను రెండు కాడలూ పట్టుకుని మెల్లగా ఆయన చెవుల మీద పెట్టి, ఆయన సిగ్గుపడకుండా వాన సంగతేదో మాట్లాడాను. ఇలాంటివి నాకు ఇట్టే కనిపిస్తాయి. అందుకే పెద్దవాళ్ళు వస్తే మా షాపులో నా దగ్గరికే పంపుతారు.

మధ్యాహ్నం కరెంటు పోయి లెన్సులు కోసే మిషను ఆగిపోయింది. ఇంటికి వచ్చేశాను.

వంటింట్లో అత్తయ్య నావైపు వీపు పెట్టి ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నారు. సాసరు మీద కప్పు టకటకా కొట్టుకుంటోంది. ఆవిడ కప్పు ఎత్తబోయి, మళ్ళీ గట్టు మీద పెట్టేసి, తనే వంగి ఒక గుక్క తాగారు. పిచ్చుక తొట్టిలో నీళ్ళు తాగినట్టు.

చేతిసంచి గుమ్మంలోనే దించాను.

“ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా?”

ఉలిక్కిపడి తిరిగారు. “టీయా? పెళ్ళికి ముందు నుంచీ తాగుతున్నా.”

నేను నవ్వలేదు. స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను. ఆవిడ చేతులు ఒళ్ళో దాచుకున్నారు.

“ముందు సూదిలో దారం ఎక్కేది కాదు. కళ్ళు అనుకున్నా. నువ్వు మంచి కళ్ళజోడు చేయించావ్. సూది బెజ్జం బ్రహ్మాండంగా కనిపించింది, చెయ్యే నిలబడలా.”

“ఒక్క మాట చెప్పొచ్చు కదా?”

“చెబితే ఏం చేస్తారు? ముందు సూది లాక్కుంటారు. తర్వాత కత్తి. తర్వాత పొయ్యి. ‘మీరు వెళ్ళి కూర్చోండి అత్తయ్యా’ అంటావ్. ఎక్కడ కూర్చోను? నీ సోఫా మీదా?”

ఆ మాటకు ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నాకు ఏడుపొచ్చింది.

మొన్న శనివారం సాయంత్రం ఇంట్లో ఎవరూ లేరట. ఇంత అందమైన దాని మీద ఒక్కసారి మహారాణిలా కూర్చుని టీ తాగాలనిపించిందట. “మహారాణి చెయ్యి వణికింది” అన్నారు. మరక అద్దుతూ ఉండగా తండ్రీకూతుళ్ళు వచ్చి చూశారు. నాకు చెప్పొద్దని ఇద్దరి దగ్గరా ఒట్టు వేయించుకున్నారు.

“ఇంకో మాట అమ్మాయ్. నేను నీ రూలు ప్రకారం తెల్ల గుడ్డతో అద్దాను. రుద్దింది నువ్వే.”

ఆవిడ చేతులు నా చేతుల్లోకి తీసుకున్నాను. కాసేపటికి వణుకు ఎవరి చేతుల్లో ఉందో తెలియలేదు.

ముక్కూమొహం తెలియని వాళ్ళ చేతులు చూస్తాను. ఇంట్లో సీటు మీద గుర్తులు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఆవిడ గుర్తు లేకపోవడం మంచిదనుకున్నాను!

జూలై 1, సోమవారం

అత్తయ్యను ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మా ఆయన షాపుకు సెలవు పెట్టారు. దారి పొడవునా అత్తయ్య ఆటో డ్రైవరుతో కబుర్లు చెప్పారు.

డాక్టరమ్మ కాగితం ఇచ్చి గుండ్రంగా చుట్లు గీయమంది. అత్తయ్య గీసి, పైకెత్తి చూసి, “భూకంపంలో నత్త” అన్నారు. డాక్టరమ్మ పగలబడి నవ్వింది. తర్వాత నడిపించింది, చేతులు చాపించింది, ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్ళు పోయించింది.

భయపడే జబ్బు కాదట. కొందరికి వయసుతో వచ్చే వణుకట. మాత్రలు ఇచ్చింది. పూర్తిగా పోదు, తగ్గుతుంది. అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోవాలి. మా ఆయన గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నారు.

“టీ కొంచెం తగ్గించండి” అంది డాక్టరమ్మ.

అత్తయ్య మొహం మాడిపోయింది. బయటికి రాగానే, “ఈ డాక్టరు మీద నాకు నమ్మకం లేదు” అన్నారు.

జూలై 4, గురువారం

మా ఆయన మూత ఉన్న కప్పు తెచ్చారు అత్తయ్య కోసం. నేను భయపడినంతా అయింది.

“నేనేమన్నా పసిపిల్లనా? పాలసీసా కూడా తేకపోయావా!”

మా ఆయన ఏమీ అనకుండా సంచిలోంచి ఇంకొకటి తీశారు. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి. నాలుగు కప్పులూ ఒకే రకం. “ఇంట్లో అందరికీ అమ్మా. సోఫా రూలు” అన్నారు.

అత్తయ్య ఒక కప్పు తీసుకుని మూత తిప్పి చూశారు. “రంగు బాగుంది” అన్నారు చివరికి.

దుప్పటి తీసి దులిపి అలమరలో పెట్టాను. కర్టెన్లు తీశాను. సాయంత్రపు ఎండ సోఫా మీద పడింది. రంగు వెలిస్తే వెలవనీ అనుకున్నాను, తర్వాత ఒక కర్టెన్ కొంచెం వేశాను. నలుగురం కూర్చున్నాం, మూత కప్పుల్లో టీ. అత్తయ్యకు అరకప్పే, అదీ డాక్టరమ్మను తిట్టుకుంటూ. పొయ్యి దగ్గర టీ పెట్టింది మాత్రం ఆవిడే. నేను పక్కన నిలబడి పంచదార అందించాను. అంతకుమించి చెయ్యి పెట్టలేదు. పెట్టబోతే ఆవిడ చూసిన చూపు ఎక్స్‌చేంజిలో అధికారులకు బాగా తెలిసి ఉంటుంది.

అత్తయ్య కప్పులోంచి ఒక్క చుక్క పడలేదు.

మా ఆయన మూత సరిగ్గా బిగించలేదు. రిమోట్ కోసం వంగారు. టీ మొత్తం ఎడమవైపు సీటు మీద!

ఒక్క క్షణం ముగ్గురూ నావైపు చూశారు. పిడుగు తెల్ల గుడ్డ కోసం పరిగెత్తింది. మా ఆయన సోఫా మీంచి లేచి నిలబడి, చేతులు కట్టుకుని, బడిపిల్లాడిలా “నేనే. ఈసారి నిజంగా నేనే” అన్నారు.

అత్తయ్య నవ్వడం మొదలుపెట్టారు. ఆగలేదు. నవ్వుకు ఆవిడ భుజాలు, చేతులు, కప్పు, సోఫా అన్నీ ఊగాయి. నేను తెల్ల గుడ్డతో అద్దుతున్నాను, నవ్వుతూ అద్దుతున్నాను, నవ్వాపుకోలేక కాస్త రుద్దేశాను కూడా.

జూలై 7, ఆదివారం

మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. బయట చినుకులు.

సోఫా స్థితి: కుడివైపు టీ మరక, చచ్చిన నూగు. ఎడమవైపు కొత్త మరక, కాస్త లేతది. మధ్యలో టైరు నలుపు, ఆ రోజు దుప్పటి దాటిన మోచేతి ఆకారంలో. చేతిపక్క మీద పిడుగు గోళ్ళరంగు చుక్క, దాని గురించి ఇంకా విచారణ జరగలేదు. బిస్కెట్ పొడి (నాది).

ఇలా వదిలేస్తే ఏడాది తిరిగేసరికి గోనెపట్టా అవుతుంది. కాబట్టి మళ్ళీ ప్రతిజ్ఞ. ఈసారి గట్టిది. కొట్టాయనకు ఫోన్ చేసి కనుక్కున్నాను కూడా. ఇస్త్రీపెట్టె ఆవిరి దూరం నుంచి పట్టి, మెల్లగా దువ్వితే చచ్చిన నూగు కొంత లేస్తుందట. “రుద్దకండి అమ్మా” అని విడిగా చెప్పాడు. రెండుసార్లు.

తినొచ్చు, తాగొచ్చు, కాళ్ళు పెట్టుకోవచ్చు. కర్టెన్ల సంగతి ఎవరికి వెలుతురు కావాలంటే వాళ్ళిష్టం. బ్రష్ మాత్రం రోజూ. తప్పకుండా. ఎంత భుజం నొప్పి ఉన్నా. ఈ క్షణం నుంచే!

ఈ క్షణం కాదు. అత్తయ్య నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. చేతులు ఒళ్ళో కదలకుండా ఉన్నాయి. లేస్తే మెలకువ వస్తుంది.

రేపటి నుంచి.